ఆరింటికి మూసేసే వీధి

మా అమ్మ 2018 నవంబరులో మినియాపోలిస్ వచ్చింది. జనవరిలో నా భార్యకి డెలివరీ. రెండు సూట్‌కేసుల నిండా కారప్పొడులు, శొంఠి, వాము, పొత్తిళ్లకి మెత్తటి పాత చీరలు. బాలింతకీ పసిబిడ్డకీ ఏమేం కావాలో అన్నీ లెక్కపెట్టుకుని తెచ్చింది. తన కోసం మాత్రం రెండు స్వెట్టర్లు, ఒక శాలువా, రోజూ వేసుకునే చెప్పులు.

ఖమ్మంలో మా అమ్మ కూరలకి నడిచి వెళుతుంది, గుడికి నడిచి వెళుతుంది, ఏమీ పని లేకపోతే ఊరికే నడుస్తుంది. ఇక్కడికొచ్చిన పది రోజులకే కిటికీ పక్కన కుర్చీ వేసుకుని బయట పడుతున్న మంచుని చూస్తూ, "ఏంది నాన్నా ఇది, చూడ్డానికే గానీ కాలు పెట్టడానికి లేదు" అంది. అమ్మకి కారు నడపడం రాదు. ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఈ దేశంలో ఆ రెండూ లేని మనిషికి మిగిలేది రెండు కాళ్లు, ఒక బస్సు. మంచు పడితే అవి కూడా పోతాయని అప్పటిదాకా నాకు తోచలేదు. ఆరేళ్లుగా నేను గరాజ్‌లో కారెక్కి ఆఫీసు పార్కింగ్‌లో దిగే మనిషిని.

అందుకని ఒక శనివారం అమ్మని స్కైవే చూపించడానికి డౌన్‌టౌన్ తీసుకెళ్లాను. చూడనివాళ్ల కోసం చెప్పాలంటే, స్కైవే అంటే అద్దాల వంతెన. మనం మొదటి అంతస్తు అనేదాన్ని ఇక్కడ రెండోది అంటారు. ఆ అంతస్తులో ఈ బిల్డింగు నుంచి రోడ్డు మీదుగా ఎదురు బిల్డింగులోకి వెళ్లిపోవచ్చు. అక్కణ్ణుంచి ఇంకో వంతెన, ఇంకో బిల్డింగు. అలా దాదాపు 80 బ్లాకులు, 15 కిలోమీటర్ల దారి. జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 9 డిగ్రీలు ఉండే ఊళ్లో చొక్కా మీదే తిరగచ్చు. దారి పొడుగునా కాఫీ కొట్లు, బ్యాంకులు, మంగలి షాపులు, చెప్పులు కుట్టేవాళ్లు. అమ్మకి తెగ నచ్చింది. వంతెన మధ్యలో ఆగి కింద మంచులో మెల్లగా పాకుతున్న కార్లని చూసి, "మన దగ్గర ఎండాకాలంలో ఇట్లాంటిది ఉంటే ఎంత బాగుండు" అంది. తర్వాత మూడు వారాలు నేను ఆఫీసుకి బస్సులో వెళ్లాను, అమ్మని వెంటబెట్టుకుని. పొద్దున నేను పనిలో ఉంటే తను స్కైవేలో గంట నడిచి, నేను లంచ్‌కి వచ్చేసరికి చెప్పిన చోట బెంచీ మీద కూర్చుని ఉండేది. తనకి దొరికిన వీధి అదే.

డిసెంబరులో ఒక ఆదివారం చిన్న పనుండి ఇద్దరం వెళ్లాం. తిరిగొస్తుంటే ఒక బిల్డింగు దగ్గర తలుపు తియ్యడానికి రాలేదు. అద్దం మీద వేళలు రాసి ఉన్నాయి: ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా. ఆరూ పది అయింది. వెనక్కి తిరిగితే వెనక తలుపూ వేసేశారు. సెక్యూరిటీ అతను మర్యాదగానే మమ్మల్ని మెట్ల మీదుగా కిందికి పంపాడు. బస్‌స్టాప్ రెండు బ్లాకుల దూరం. రోడ్డు శుభ్రంగా, నల్లగా, ఉప్పు చల్లి ఉంది. రోడ్డు మీది మంచంతా ఊడ్చి మూలమలుపుల్లో పోశారు. అది మోకాలెత్తు గట్టుగా బిగుసుకుపోయింది. రోడ్డు దాటాలంటే దాన్ని ఎక్కి దిగాలి. అమ్మ ఎక్కింది. దిగేటప్పుడు జారింది. కుడి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది.

పిండికట్టు ఆరు వారాలు. మా పాప పుట్టి మూడు వారాలయ్యేదాకా అమ్మ తనని రెండు చేతులా ఎత్తుకోలేదు. ఏ పని కోసం ఏడు సముద్రాలు దాటి వచ్చిందో ఆ పనే చెయ్యలేక, ఒక్క చేత్తో పసిదాని పాదాలు నిమురుతూ కూర్చునేది. ఒక రోజు ఎవరినీ నిందించకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "పైన అంత పెద్ద వంతెనలు కట్టినోళ్లు, కింద నడిచేటోళ్ల కోసం ఒక పార పట్టలేకపోయారా?"

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఒక సిస్టమ్ తప్పుగా పనిచేస్తోందంటే, అది అసలు ఎవరి కోసం రాశారో చూడమని మా వృత్తిలో చెబుతారు. చాలాసార్లు అది తప్పుగా పనిచెయ్యదు. రాసినవాళ్లు అనుకున్నట్టే పనిచేస్తుంది. కాకపోతే వాళ్ల మనసులో ఉన్న యూజర్ మనం కాదు. అమ్మ ప్రశ్నకి జవాబు వెతుకుతూ చదివిన సంగతులే ఈ వ్యాసం.

1962

వెతకడం మొదలుపెట్టిన కొన్నాళ్లకి ఒక చిత్రమైన విషయం కనిపించింది. చలి దేశాల్లో నగరం నడిబొడ్డున మనిషి ఎలా నడవాలన్న ప్రశ్నకి మూడు ఊళ్లు ఒకే ఏడాది మూడు వేరువేరు జవాబులు చెప్పాయి. 1962లో మినియాపోలిస్ మనిషిని పైకెత్తింది. మాంట్రియాల్ నేల కిందికి దింపింది. కోపెన్‌హేగెన్ నేల మీదే ఉంచి, కార్లని తప్పుకోమంది.

ఈ మూడింటినీ కూడబలుక్కుని చేసినవాళ్లు ఎవరూ లేరు. కానీ వెనకున్న భయం ఒకటే. యుద్ధం తర్వాత కార్లు పెరిగాయి. కార్లున్నవాళ్లు ఊరి అంచులకి తరలిపోయారు. నడిబొడ్డున ఉన్న దుకాణాల పని అయిపోయిందనిపించింది. మినియాపోలిస్‌కి ఈ భయం మరీ దగ్గరగా, పేరుతో సహా వచ్చింది. ఆ పేరు సౌత్‌డేల్.

పైన

1956 అక్టోబరులో మినియాపోలిస్ పక్కనే ఉన్న ఈడైనాలో సౌత్‌డేల్ సెంటర్ తెరిచారు. పూర్తిగా కప్పు వేసి, లోపల ఏడాది పొడుగునా ఒకే వాతావరణం ఉండేలా కట్టిన తొలి అమెరికన్ షాపింగ్ మాల్ అది. కట్టిన ఆర్కిటెక్టు విక్టర్ గ్రూయెన్, నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన వియెన్నా యూదుడు. వియెన్నా నడిబొడ్డులాంటి చోటుని అమెరికా శివార్లలో కట్టాలని ఆయన ఆశ. కట్టించినవాళ్లు డేటన్ కుటుంబం. వాళ్ల అసలు దుకాణం డౌన్‌టౌన్‌లో నికొలెట్ వీధిలోనే ఉంది. బయట మైనస్ 20 ఉన్నా కోటు విప్పి బజారు చెయ్యొచ్చని తెలిశాక, డౌన్‌టౌన్‌లో చలిలో నాలుగు కొట్లు తిరగాలని ఎవరికుంటుంది?

దీనికి లెస్లీ పార్క్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి, ఎడ్వర్డ్ బేకర్ అనే ఆర్కిటెక్టు కలిసి ఒక విరుగుడు ఆలోచించారు. డౌన్‌టౌన్‌నే మాల్‌లాగా చేసేస్తే? బిల్డింగులు ఎలాగూ ఉన్నాయి, వాటిని కలిపితే చాలు. 1962లో వాళ్లు కడుతున్న నార్త్‌స్టార్ సెంటర్ నుంచి ఎదురుగా ఉన్న నార్త్‌వెస్టర్న్ నేషనల్ బ్యాంకుకి మొదటి వంతెన వేశారు. మరుసటేడు రెండోది. 1970ల మొదట్లో ఫిలిప్ జాన్సన్ ఐడీఎస్ సెంటర్ కట్టాడు. దాని నడుమ క్రిస్టల్ కోర్ట్ అనే అద్దాల కప్పున్న పెద్ద హాలు వచ్చింది. నాలుగు దిక్కుల నుంచీ స్కైవేలు అందులోకి చేరాయి. అప్పటిదాకా విడివిడి వంతెనలుగా ఉన్నవి అక్కడ ఒక వ్యవస్థ అయ్యాయి. ఐడీఎస్ పనిలో జాన్సన్‌తో కలిసి చేసిన స్థానిక ఆర్కిటెక్టు కూడా ఆ ఎడ్వర్డ్ బేకరే.

ఇక్కడ గమనించాల్సిన విషయం, ఈ వంతెనలకి డబ్బు ఎవరు పెట్టారన్నది. నగరం కాదు. ఇటు బిల్డింగు యజమాని, అటు బిల్డింగు యజమాని మాట్లాడుకుని ఖర్చు పంచుకుని కట్టుకున్నారు. రోడ్డు మీదుగా దాటడానికి నగరం అనుమతి మాత్రం ఇచ్చింది. అందుకే ఒక్కో వంతెన ఒక్కో ఆకారంలో ఉంటుంది, ఒక్కో బిల్డింగు ఒక్కో వేళకి మూస్తుంది. స్కైవే నిజానికి ఒక దారి కాదు. పదుల కొద్దీ ప్రైవేటు వరండాలు ఒకదానికొకటి తగులుకుంటే దూరం నుంచి దారిలా కనబడుతుంది. ఆఫీసులున్న రోజు, ఆఫీసులున్న వేళ అవన్నీ తెరిచి ఉంటాయి కాబట్టి ఆ తేడా తెలియదు. ఆదివారం ఆరూ పదికి తెలుస్తుంది.

ఇంకొకటి. మినియాపోలిస్‌లో చివరి ట్రామ్ 1954 జూన్‌లో నడిచింది. మొదటి స్కైవే వచ్చేసరికి ట్రామ్ ఆగిపోయి ఎనిమిదేళ్లు. కాబట్టి వంతెనలు మొదటి నుంచీ అల్లుకున్నది పార్కింగ్ చుట్టూనే. 1990 ప్రాంతాల్లో కొత్త హైవే వచ్చినప్పుడు దాని కొసన మూడు మహా పార్కింగ్ భవనాలు కట్టి, వాటిని స్కైవేకి కలిపారు. కారు దిగినవాడు చలి గాలి తగలకుండా తన కుర్చీ దాకా వెళ్లొచ్చు. 2004లో మళ్లీ పట్టాలు పడి లైట్ రైలు వచ్చింది. అది కింద ఐదో వీధిలో, నేల మీద నడుస్తుంది. రైలు దిగి పైకి చూస్తే వంతెన కనబడుతుంది. అక్కడికెళ్లాలంటే ఏదో ఒక బిల్డింగు లాబీలోకి దూరి, లోపలెక్కడో ఉన్న ఎస్కలేటర్ వెతుక్కోవాలి. తెలిసినవాళ్లకి తెలుస్తుంది. తెలియనివాళ్లు ప్లాట్‌ఫారం మీద, బటన్ నొక్కితే కాసేపు వెలిగి ఆరిపోయే హీటరు కింద నిలబడతారు.

ఊరికి న్యాయం చెయ్యాలంటే ఒక మాట చెప్పాలి. 1967లో ఇదే ఊరు నికొలెట్ వీధిలోంచి ప్రైవేటు కార్లని తీసేసి, బస్సులకీ టాక్సీలకీ నడిచేవాళ్లకీ వదిలేసింది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు లారెన్స్ హాల్‌ప్రిన్ ఆ వీధిని మెలికలు తిరిగేలా గీశాడు. బస్సు కోసం చూసేవాళ్లకి వెచ్చటి షెల్టర్లు పెట్టారు. అంటే బస్సులో వెళ్లే మనిషి ఈ ఊరికి కనబడకపోలేదు. కానీ ఆ ఆలోచన ఒక్క వీధి దగ్గర ఆగింది. స్కైవేలు ఎనభై బ్లాకులు పాకాయి.

కింద

మాంట్రియాల్ కథ ఒక గోతితో మొదలవుతుంది. రైల్వే కంపెనీ మౌంట్ రాయల్ కొండ కింద సొరంగం తవ్వి ఊరి నడిమధ్యకి పట్టాలు తెచ్చింది. ఆ పని కోసం తవ్విన పెద్ద గొయ్యి దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోయింది. 1950ల్లో న్యూయార్క్ బిల్డర్ విలియం జెకెన్‌డార్ఫ్ ఆ గోతి మీద కన్నేశాడు. ఐ. ఎం. పే సంస్థ నుంచి హెన్రీ కాబ్ టవర్ గీస్తే, విన్సెంట్ పాంట్ అనే ప్లానర్ గోతి గురించి ఆలోచించాడు. ఎలాగూ తవ్వేసి ఉంది కదా, పూడ్చి పైన కట్టే బదులు ఆ లోతులోనే కొట్లు, దారులు పెట్టి పక్కనున్న సెంట్రల్ స్టేషన్‌కి కలిపేస్తే? 1962 సెప్టెంబరులో ప్లాస్ విల్ మారీ తెరిచారు. రైలు దిగినవాళ్లు కోటు గుండీ పెట్టుకోకుండానే ఆఫీసుకి చేరడం మొదలైంది.

పోలిక ఇక్కడే మొదలవుతుంది. మాంట్రియాల్‌లో మొదటి దారే ఒక రైల్వే స్టేషన్‌కి కలిసింది. అదే ఏడాది మెట్రో తవ్వకాలు మొదలై 1966 అక్టోబరులో రైళ్లు నడిచాయి. మొత్తం నేల కిందే. రబ్బరు టైర్ల మీద నడిచే ఆ రైళ్లు మంచు మొహం చూడవు. మరుసటి ఏడాదే ఎక్స్‌పో 67, ప్రపంచమంతా వస్తోంది. నగరం స్టేషన్ల కోసం స్థలాలు సేకరించి, వాటి మీద కట్టుకునే హక్కుని దీర్ఘకాలపు లీజుకి బిల్డర్లకి ఇచ్చింది. స్టేషన్‌ని బిల్డింగుకి కలిపే దారి ఆ ఒప్పందాల్లోకి వచ్చింది. ఇలా పెరిగి పెరిగి ఆ దారులు 30 కిలోమీటర్లు దాటాయి. 2004 నుంచి దాన్ని రేసో అంటున్నారు. చాలా దారులు మెట్రో నడిచే వేళల్లో తెరిచే ఉంటాయి.

ఆ ఆఖరి వాక్యం చదివినప్పుడు నేను కాసేపు ఆగాను. ఇక్కడా కొట్లు ఉన్నవి ప్రైవేటు బిల్డింగుల్లోనే. ఇక్కడా లాభం బిల్డర్లదే. కానీ దారి తలుపుకి గడియారం ఆఫీసు కాదు, రైలు. ఆఖరి షిఫ్టు చేసి ఇంటికెళ్లే ఆయాకీ, వంటవాడికీ ఆ తేడా అరగంట చలి.

మాంట్రియాల్‌ని మరీ పొగడక్కర్లేదు. మెట్రో మొదలయ్యాక నలభై ఏళ్ల దాకా ఒక్క స్టేషన్లోనూ లిఫ్టు లేదు. చక్రాల కుర్చీ మనిషికి ఆ వెచ్చటి ఊరు మెట్ల మొదట్లోనే ఆగిపోయింది. మంచు పడినప్పుడు ఊళ్లో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది ఆ మనిషే కదా. ఎవరి కోసం కట్టామన్న ప్రశ్న ప్రతిచోటా ఎవరో ఒకర్ని బయట వదిలేస్తూనే ఉంది.

నేల మీద

1962 నవంబరులో కోపెన్‌హేగెన్ తన ప్రధాన బజారు వీధి స్ట్రాయెట్‌లోకి కార్లు రాకుండా ఆపింది. కిలోమీటరు పైచిలుకు పొడుగు. ప్రయోగంగా మొదలుపెట్టి, 1964లో శాశ్వతం చేశారు. నవంబరు అంటే అక్కడ చీకటి, చినుకులు, గాలి. వీధుల్లో తిరగడం ఇటలీవాళ్ల అలవాటు, మన వాతావరణానికీ మన స్వభావానికీ పనికిరాదని చాలామంది పెదవి విరిచారు. దుకాణదారులు కార్లు రాకపోతే బేరాలు పోతాయని భయపడ్డారు. కొన్నాళ్లకి రెండూ తప్పని తేలింది. జాన్ గేల్ అనే యువ ఆర్కిటెక్టు ఆ వీధుల్లో నిలబడి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎంతసేపు అని ఏళ్ల తరబడి లెక్కలు రాసుకున్నాడు. ఆ లెక్కల నుంచే 1971లో ఆయన పుస్తకం, ఆ తర్వాత ఆయన ప్రభావం వచ్చాయి.

కోపెన్‌హేగెన్ చలిని మినియాపోలిస్ చలితో పోల్చడం అన్యాయమే. అక్కడ జనవరి సగటు సున్నాకి కాస్త అటూ ఇటూ. 2019 జనవరి ఆఖర్లో మా ఊళ్లో మైనస్ 30 దాటింది. ఆ రోజు ఎంత అందమైన వీధి ఉన్నా ఎవరూ కాఫీ పట్టుకుని కూర్చోరు. ఆ రోజు స్కైవేని తిట్టేవాణ్ణి నేను నమ్మను. కానీ అలాంటి రోజులు చలికాలంలో కొన్నే. మిగతా రోజుల్లో నడిచేవాణ్ణి ఆపేది చలి కాదు, కాలి కింద ఉన్నది. కోపెన్‌హేగెన్ కట్టింది పెద్దగా ఏమీ లేదు, వరస మార్చింది. సైకిల్ దారుల మీది మంచు ముందు తీస్తారు, కార్ల సంగతి తర్వాత.

తాళం ఎవరిది

స్కైవేల మీద విమర్శలు కొత్తవి కావు. విలియం వైట్ 1988లో వచ్చిన తన 'సిటీ' పుస్తకంలో, ఇవి వీధిని పీల్చేస్తాయన్నాడు. జనం పైకి వెళితే కొట్లు పైకి వెళతాయి, కింద గోడలు మిగులుతాయి. ట్రెవర్ బాడీ 1992లో రాసిన వ్యాసంలో ఇంకో అడుగు వేశాడు. ఈ దారులు చలినే కాదు, మనుషుల్నీ వడపోస్తాయని. పైన ఆఫీసు బట్టలవాళ్లు, కింద బస్సు కోసం నిలబడ్డవాళ్లు. మొదటిసారి చదివినప్పుడు కాస్త అతిగా అనిపించింది. ఆ తర్వాత ఒక పొద్దున వంతెన మీద ఆగి, ముందు పక్కన నడుస్తున్నవాళ్లనీ, తర్వాత కింద బస్‌స్టాప్‌లో ఉన్నవాళ్లనీ చూశాను. అతి అనిపించలేదు.

అయితే నా ఆలోచన వాళ్లకి కొంచెం పక్కగా ఉంది. తప్పు వంతెనది కాదనుకుంటాను. నది అవతల, పది మైళ్ల దూరంలో సెయింట్ పాల్ ఉంది. అక్కడా 1960ల చివర్నుంచి స్కైవేలున్నాయి. కానీ అక్కడ నగరం మొదట్నుంచీ వాటిని ప్రజల దారిగా రాసుకుంది. వంతెనలన్నీ ఒకే నమూనా. వేళలు నగరపు చట్టంలో ఉంటాయి. కాల్గరీలో హెరాల్డ్ హానెన్ ఆలోచనతో 1970లో మొదలైన ప్లస్ 15 దారుల కోసం, వంతెన కట్టే బిల్డర్‌కి అదనపు అంతస్తులు వేసుకునే వెసులుబాటు ఇచ్చారు. అంటే నగరం ఏదో ఇచ్చి ఏదో అడిగింది. గ్యారీ బర్న్స్ 2000లో తీసిన 'వేడౌన్‌టౌన్' సినిమా ఆ దారుల మీదే. బయటికి అడుగు పెట్టకుండా ఎవరు ఎక్కువ రోజులుంటారని నలుగురు ఆఫీసు కుర్రాళ్లు పందెం కడతారు. నవ్విస్తూనే, వెచ్చగా ఉండటం ఎంత తేలిగ్గా బందిఖానా అవుతుందో చూపిస్తుంది. సౌకర్యంగా ఉన్న వ్యవస్థల గురించి నేను చూసిన మంచి సినిమాల్లో అదొకటి.

నాకు బాగా నచ్చిన జవాబు సప్పోరోది. జపాన్ ఉత్తరాన, మంచుకి పేరుమోసిన ఊరు. 1972 వింటర్ ఒలింపిక్స్ ముందు సబ్‌వే కట్టారు. దక్షిణాన రైలు పైకొచ్చే చోట పట్టాల మీద గొట్టంలా కప్పు వేశారు, మంచు పడకుండా. 2011 మార్చిలో సప్పోరో స్టేషన్‌కీ ఓడోరికీ మధ్య 520 మీటర్ల భూగర్భ నడక దారి తెరిచారు. వెడల్పు 20 మీటర్లు. మధ్యలో నడవడానికి, రెండు పక్కలా కూర్చోవడానికి. అక్కడ కూర్చోవాలంటే ఏమీ కొనక్కర్లేదు. పొద్దున ఆరింటిలోపే తెరిచి అర్ధరాత్రి దాటాక మూస్తారు. అది ప్రభుత్వ స్థలం. మా అమ్మలాంటి మనిషి అక్కడ నడిచినా కూర్చున్నా ఎవరి దయా అక్కర్లేదు.

పార

కానీ అమ్మ అడిగింది వంతెన గురించి కాదు, పార గురించి. ఆ జవాబు ఇంకా సాదాగా ఉంది.

మినియాపోలిస్‌లో రోడ్డు మీది మంచు నగరం తీస్తుంది, పన్నుల డబ్బుతో. ఫుట్‌పాత్ మీది మంచు తీయాల్సింది ఆ ఇంటి యజమాని. ఇళ్లవాళ్లకి 24 గంటలు గడువు, షాపులకీ పెద్ద భవనాలకీ పగటివేళ 4 గంటలు. మూలమలుపూ ఆ మూలనున్న యజమానిదే. ఒకరు తీస్తారు, ఒకరు ఊళ్లో ఉండరు, ఒకరు ముసలివాళ్లు. తీసిన చోట మళ్లీ నగరపు ప్లౌ వచ్చి రోడ్డు మీది మంచుని మూలకి నెడుతుంది. కారుకి ఊరు మొత్తం ఒకే రోడ్డు. నడిచేవాళ్లకి ఇంటింటికీ మారే ముక్కలు. స్కైవేలో చూసిన అతుకులే ఇక్కడా ఉన్నాయి.

స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే చిన్న ఊరు 2011లో ఈ వరసని తిరగేసింది. అప్పటిదాకా ముందు పెద్ద రోడ్లు, ఆఖర్న ఫుట్‌పాత్‌లు. అధికారులు కూర్చుని ఎవరు ఎలా ప్రయాణిస్తున్నారో చూస్తే, మగవాళ్లు ఎక్కువగా కార్లో ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి. ఆడవాళ్లు ఎక్కువగా నడిచి, బస్సులో, మధ్యలో పిల్లల బడి, కూరగాయలు, పెద్దవాళ్ల ఇల్లు. మూడంగుళాల మంచులో కారు వెళ్లగలదు, పసిబిడ్డ బండి వెళ్లలేదు. మంచు కాలంలో జారిపడి ఆసుపత్రికి వచ్చేవాళ్లలో నడిచేవాళ్లే ఎక్కువ. కాబట్టి ముందు బడులు, పని చోట్లకి వెళ్లే నడక దారులు, తర్వాత రోడ్లు. ఖర్చు పెరగలేదు, ట్రక్కులు పెరగలేదు. కారోలిన్ క్రియాడో పెరెజ్ 2019లో వచ్చిన 'ఇన్విజిబుల్ విమెన్' పుస్తకంలో మొదటి అధ్యాయాన్ని ఈ కథతోనే మొదలుపెట్టింది. ఆ ఏడాదే చదివాను. చదువుతుంటే అమ్మ పిండికట్టు గుర్తొచ్చింది. మగవాడు రాసిన ఒక షెడ్యూలులో రెండు దశాబ్దాలు హాయిగా బతికి, అది షెడ్యూలు అని కూడా గుర్తించని మనిషిని నేనే.

తర్వాత

2020లో కోవిడ్ వచ్చింది. నాలాంటివాళ్లందరం లాప్‌టాప్‌లు తీసుకుని ఇళ్లకి పోయాం. స్కైవే ఒక్కసారిగా ఖాళీ అయింది. మా లంచ్ గంట మీద బతికిన కొట్లు వరసగా మూతపడ్డాయి. కొన్ని తర్వాత తెరిచాయి, చాలావి తెరవలేదు. బస్సులు మాత్రం నడిచాయి. ఆసుపత్రులకీ గోదాములకీ వెళ్లేవాళ్లు అదే మూలన, అదే గట్టు పక్కన నిలబడ్డారు. పైన వెచ్చటి దారి ఖాళీగా ఉంది, కింద మనుషులు చలిలో ఉన్నారు. వాళ్ల కోసం కట్టలేదు కాబట్టి వాళ్లకి పనికిరాలేదు. అరవై ఏళ్ల కిందటి నిర్ణయం అంత స్పష్టంగా కనబడటం నేను మళ్లీ చూడలేదు.

తర్వాత మేం ఇల్లు కొనుక్కున్నాం. మాది మూల ఇల్లు. ఎదురుగా బస్‌స్టాప్. కొనేటప్పుడు ఏజెంటు మూల ఇల్లయితే మంచు తీసే పని రెట్టింపని హెచ్చరించాడు. నిజమే. మంచు పడ్డ రాత్రి తెల్లారకముందే లేచి మా ముందు ఫుట్‌పాత్, పక్క ఫుట్‌పాత్ తీస్తాను. తర్వాత ప్లౌ వచ్చి వెళ్లేదాకా ఆగి, మూలన అది వదిలిన గట్టుని తవ్వుతాను. అక్కణ్ణుంచి బస్సు తలుపు తెరుచుకునే చోటి దాకా ఒక పార వెడల్పున దారి చేస్తాను. పావుగంట పని. ఆరున్నర బస్సుకి వచ్చే ఒక పెద్దావిడ చెయ్యూపుతుంది. ఇది పరిష్కారం కాదని నాకు తెలుసు. ఒక్కో యజమాని మంచితనం మీద ఆధారపడే దారి స్కైవే కంటే మెరుగైనదేమీ కాదు. నేను ఊళ్లో లేని రోజు ఆ గట్టు అలాగే ఉంటుంది. అందుకే ఫుట్‌పాత్‌ల మంచు నగరమే తీయాలని వార్డు మీటింగుల్లో అడిగేవాళ్లతో నేనూ వెళ్లి కూర్చుంటున్నాను.

క్రితం డిసెంబరులో అమ్మకి వీడియో కాల్‌లో ఆ మూల చూపించాను. కాసేపు చూసి, "ఇంకొంచెం వెడల్పు తియ్యి నాన్నా, పక్కన ఇంకో మనిషి చెయ్యి పట్టుకుని నడవాలంటే ఎట్లా" అంది.

ఇప్పుడు రెండు పారల వెడల్పు తీస్తున్నాను.